పాత కంప్యూటర్‌ను దారికి తెచ్చే పద్ధతి: ముందు ఏది, తర్వాత ఏది, ఎక్కడ ఆపాలి

"అన్నా, ర్యామ్ పెంచితే ఫాస్ట్ అయితదా?"

నల్లగొండలో మా రిపేర్ షాపుకు వచ్చేవాళ్లలో రోజుకు ఒకరైనా ఈ మాట అడుగుతారు. సగం సార్లు నా జవాబు "కాదు" అనే. ర్యామ్ కొనేసి వచ్చి అడిగేవాళ్లకు ఆ మాట చెప్పడం ఇంకా కష్టం. అందుకే ఎవరు అడిగినా పంపడానికి వీలుగా వరుసంతా ఒకచోట రాస్తున్నాను.

ఇది సుమారు 2011 నుంచి 2018 మధ్య కొన్న మిషన్ల కోసం. అంటే ఇంటెల్‌లో రెండో తరం ఐ3 మొదలు ఏడో తరం దాకా, ఆ కాలపు ఏఎండీలు కూడా. జిరాక్స్ సెంటర్లో, డీటీపీ షాపులో, ఇంట్లో పిల్లల చదువుకు వాడేవి. గేమింగ్ జోలికి పోవడం లేదు.

మొదలుపెట్టే ముందు ఒక్క నియమం: ఒకసారికి ఒకే మార్పు. మూడు నాలుగు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో, ఏది బెడిసికొట్టిందో మీకూ తెలియదు, తర్వాత చూసే మెకానిక్‌కూ తెలియదు.

## 1. స్క్రూడ్రైవర్ పట్టకముందు జబ్బు కనుక్కోండి

మిషన్ ఆన్ చేసి ఐదు నిమిషాలు వదిలేయండి. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్ పెట్టుకుని, మీరు రోజూ చేసే పనే చేయండి. క్రోమ్‌లో నాలుగు ట్యాబులు, ఒక వర్డ్ ఫైలు, ఒక పీడీఎఫ్ చాలు. ఇప్పుడు మూడు అంకెలు చూడాలి.

డిస్క్. 100% దగ్గర నిలబడి ఉందా? కింద రీడ్ స్పీడు చూస్తే సెకనుకు ఒకటి రెండు ఎంబీలే ఉందా? జబ్బు హార్డ్‌డిస్క్‌లోనే ఉంది. ర్యామ్ ఎంత పెంచినా ఇది పోదు.

మెమరీ. మామూలు పనికే 85, 90% దాటుతోందా? అప్పుడు ర్యామ్ చాలడం లేదు.

సీపీయూ. ఖాళీగా ఉన్నప్పుడు కూడా 60, 70% చూపిస్తే ప్రాసెసెస్ ట్యాబ్‌లో ఎవరు తింటున్నారో చూడండి. చాలాసార్లు ఒకే మిషన్‌లో రెండు యాంటీవైరస్‌లు కొట్టుకుంటూ ఉంటాయి. పని నడుస్తుండగా కూడా సీపీయూ స్పీడు 3 గిగాహెర్ట్జ్ ఉండాల్సింది 0.8 దగ్గర ఇరుక్కుపోతే వేడి సమస్య. ల్యాప్‌టాప్ అయితే చార్జర్‌ను అనుమానించండి. కంపెనీది కాని చార్జర్‌ను గుర్తుపట్టకపోతే కొన్ని ల్యాప్‌టాప్‌లు తమంతట తామే స్పీడు తగ్గించుకుంటాయి.

దేవరకొండ నుంచి ఒక డీటీపీ ఆపరేటర్ మిషన్ తెచ్చాడు. "ఆన్ చేసి, షాపు ఊడ్చి, ముందర నీళ్లు చల్లి వచ్చేసరికి డెస్క్‌టాప్ వస్తది" అన్నాడు. అప్పటికే ఎవరో చెబితే 4 జీబీ ర్యామ్ ఉన్నచోట 8 చేయించుకున్నాడు. టాస్క్ మేనేజర్ తెరిస్తే మెమరీ 35%, డిస్క్ 100%. ఆ ర్యామ్ డబ్బుతో ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు పెట్టే వేగమైన డిస్క్) ఖర్చులో సగం వచ్చేది.

తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి. నీలం రంగులో గుడ్ అని వస్తే పర్వాలేదు. పసుపు రంగులో కాషన్ వస్తే, ముఖ్యంగా సీ5 వరుసలో పెండింగ్ సెక్టార్లు కనిపిస్తే, మిగతా పనులన్నీ ఆపి ముందు డేటా బయటికి తీయండి. ఆ డిస్క్ ఇవాళ ఉంటుంది, రేపు ఉండకపోవచ్చు.

ఒక కాగితం మీద రాసుకోవాల్సినవి:

☐ మదర్‌బోర్డు మోడల్ (సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో మెయిన్‌బోర్డ్ ట్యాబ్)
☐ ప్రాసెసర్ పేరు, తరం
☐ ర్యామ్ రకం, ఎన్ని స్లాట్లు, ఎన్ని ఖాళీ
☐ విండోస్ ఏది, 32 బిట్టా, 64 బిట్టా
☐ డిస్క్ సైజు, అందులో నిండింది ఎంత

## 2. డేటా, సాఫ్ట్‌వేర్ల లెక్క

దీన్ని దాటేసి ముందుకు పోవద్దు. నేను మాట పడి నేర్చుకున్న పాఠం ఇది.

పెళ్లిళ్ల సీజన్‌లో నకిరేకల్ వైపు నుంచి ఒక డీటీపీ మిషన్ వచ్చింది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డీ డ్రైవ్ అంతా కాపీ తీసుకున్నాను. పాత డిస్క్ ఫార్మాట్ చేసి, కొత్త ఎస్‌ఎస్‌డీలో విండోస్ వేసి ఇచ్చాను. మిషన్ పరుగెడుతోందని ఆయన సంతోషంగా పోయాడు. తెల్లారి ఎనిమిదింటికి ఫోన్: "అన్నా, పెళ్లి కార్డు ఫైల్ తెరిస్తే అంత ఇంగ్లిష్ గుర్తులు, గీతలు వస్తున్నయి."

ఫైళ్లన్నీ ఉన్నాయి. ఫాంట్లు లేవు. అను ఫాంట్లు యూనికోడ్ కావు. అదే ఫాంటు ఆ మిషన్‌లో ఉంటేనే తెలుగు కనిపిస్తుంది, లేకపోతే చెత్త కనిపిస్తుంది. ఫాంట్లు ఉన్నది సీ డ్రైవ్‌లో, దాన్నే నేను ఫార్మాట్ చేశాను. ఆయన దగ్గరున్న సీడీ గీతలు పడి చదవలేదు. అలాంటి సెట్టింగే ఉన్న ఇంకో షాపు దొరికి పని సర్దుకునేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు ఫోన్ మోగితే నాకు టెన్షనే.

అందుకే ఇప్పుడు ఈ జాబితా చూడకుండా ఏ డిస్కూ ముట్టుకోను:

☐ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్
☐ సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం
☐ ట్యాలీ ఉంటే దాని డేటా ఫోల్డర్, లైసెన్స్ వివరాలు
☐ పేజ్‌మేకర్, అను, కోరల్ ఇన్‌స్టాల్ ఫైళ్లు, డాంగుల్ (సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఉండే యూఎస్‌బీ ముక్క) ఉంటే అది
☐ వేలిముద్ర మిషన్ మోడల్, దాని ఆర్‌డీ సర్వీస్ (ఆధార్ పనికి ఆ మిషన్‌ను నడిపే ప్రోగ్రామ్) సెటప్
☐ డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవర్
☐ ప్రింటర్, స్కానర్ మోడల్ నంబర్లు
☐ బ్రౌజర్ బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డులు
☐ ల్యాప్‌టాప్ అయితే బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉందా, దాని రికవరీ కీ ఎక్కడుంది

కాపీ అయిపోయిందంటే సరిపోదు. ఆ ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు పెట్టి, అక్కడక్కడా ఐదారు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకున్నాకే ముందుకు.

## 3. పైసా ఖర్చులేని పనులు

3.1 స్టార్టప్ తగ్గించడం. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్ తెరిచి, యాంటీవైరస్, ఆడియో డ్రైవర్, వేలిముద్ర మిషన్ సర్వీసు తప్ప మిగతావన్నీ డిసేబుల్ చేయండి. పీసీ బూస్టర్, ర్యామ్ క్లీనర్, డ్రైవర్ అప్‌డేటర్ పేర్లతో ఉన్నవి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అవి పెంచే స్పీడు కంటే తినేది ఎక్కువ.

3.2 దుమ్ము తీయడం. మిర్యాలగూడ రైస్ మిల్లుల పక్క షాపుల్లో ఊక దుమ్ము, మహబూబ్‌నగర్ వైపు ఎర్రమట్టి. రెండూ హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మె) రెక్కల మధ్య చేరి దుప్పటిలా పేరుకుంటాయి. మే నెలలో బయట 44 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ దుప్పటి కింద ప్రాసెసర్ 95 దాటి, తనను తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించుకుంటుంది. ఎండాకాలంలోనే మిషన్ స్లో అవుతోందంటే కారణం ఇదే కావచ్చు.

వరుస:

1. షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. మిగిలిన కరెంటు చాలావరకు పోతుంది.
2. ఆరుబయట పెట్టి మూత తీయండి.
3. ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకుని బ్లోయర్ కొట్టండి. వదిలేసి కొడితే ఫ్యాన్ మితిమీరిన వేగంతో తిరిగి బేరింగ్ పోతుంది.
4. పెయింట్ బ్రష్‌తో మూలలు దులపండి. తడి గుడ్డ వద్దు.
5. ఎస్‌ఎమ్‌పీఎస్‌లోకి (కరెంటు సరఫరా చేసే డబ్బా) బయటి నుంచే గాలి కొట్టండి. దాన్ని విప్పవద్దు. ప్లగ్ తీసినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

3.3 థర్మల్ పేస్ట్. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడి దాటించే పేస్టు ఇది. నాలుగైదేళ్లుగా మార్చకపోతే ఎండి సుద్దలా అయిపోయి ఉంటుంది. ఇంటెల్ కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ కాళ్లుంటాయి. ఒక్కోదాని తల మీద బాణం గుర్తు ఉంటుంది. ఆ బాణం చూపే వైపు తిప్పి, పైకి లాగాలి. పాత పేస్టును మొబైల్ రిపేర్ షాపుల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో కందిగింజంత కొత్త పేస్టు పెట్టండి. వేలితో పులమాల్సిన పనిలేదు, కూలర్ బరువుకే పరుచుకుంటుంది.

తిరిగి బిగించేటప్పుడే ఎక్కువమంది తప్పు చేస్తారు. కాళ్లను మొదటి స్థానానికి తిప్పి, ఎదురెదురు మూలలు రెండేసి చొప్పున టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. తర్వాత బోర్డును వెనక నుంచి చూడండి. నాలుగు నల్ల పిన్నులూ సమానంగా బయటికి వచ్చి ఉండాలి. ఒక్కటి రాకపోయినా కూలర్ ఒక పక్కకు ఒరిగి, మిషన్ రెండు నిమిషాల్లో ఆఫ్ అయిపోతుంది.

ప్రాసెసర్‌ను మాత్రం సాకెట్ నుంచి తీయవద్దు. అందులోని పిన్నులు వెంట్రుకల్లాంటివి. ఒక్కటి వంగినా బోర్డు పోయినట్టే.

## 4. హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ

ఖర్చు పెట్టే ఒక్క రూపాయి ఉంటే అది ఇక్కడ పెట్టండి. హార్డ్‌డిస్క్ పెద్ద ఫైలు ఒకటి చదివేటప్పుడు సెకనుకు వంద ఎంబీ ఇస్తుంది, నిజమే. కానీ విండోస్ లేచేటప్పుడు చదివేది వేల చిన్న ఫైళ్లు. వాటి కోసం సూది అటూ ఇటూ పరుగెత్తి, వేగం సెకనుకు ఒక ఎంబీ దగ్గరికి పడిపోతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలే లేవు కాబట్టి అదే పనికి మామూలు రకం కూడా 20, 30 ఎంబీలు ఇస్తుంది. మీరు అనుభవించే స్పీడు ఈ రెండో అంకెదే.

4.1 ఏది కొనాలి. డెస్క్‌టాప్‌కైనా పాత ల్యాప్‌టాప్‌కైనా 2.5 అంగుళాల సాటా రకం (హార్డ్‌డిస్క్ కేబుల్‌కే తగిలేది) తీసుకోండి. విండోస్, ఆఫీస్, డీటీపీ వరకైతే 240 లేదా 256 జీబీ చాలు. కస్టమర్ల ఫొటోలు, స్కాన్లు దాచుకునేవాళ్లు 480 లేదా 512 తీసుకోండి.

హెచ్61 బోర్డులో (ఇంటెల్ రెండు, మూడో తరాలది) సాటా పోర్టులన్నీ 3 జీబీపీఎస్‌వే, కొత్త ఎస్‌ఎస్‌డీ పూర్తి వేగం రాదు. దానికి బాధపడొద్దు, చిన్న ఫైళ్ల వేగానికి ఆ పోర్టు సరిపోతుంది. హెచ్81లో (నాలుగో తరానిది) రెండు పోర్టులు 6 జీబీపీఎస్‌వి. బోర్డు మీద సాటా6జీ లాంటి రాత చూసి వాటిలోనే పెట్టండి.

సన్నగా చాక్లెట్ పట్టీలా ఉండే ఎన్‌వీఎమ్‌ఈ రకం చూసి మోజుపడకండి. నాలుగో తరం, అంతకు ముందు బోర్డులు మామూలుగా దాని నుంచి బూట్ కావు. ల్యాప్‌టాప్‌లో ఎమ్.2 స్లాట్ ఉన్నా అది సాటా మాత్రమే తీసుకునే రకం కావచ్చు. మోడల్ మాన్యువల్ చూశాకే కొనండి.

పేరు లేని 2 టీబీ ఎస్‌ఎస్‌డీ చవగ్గా వస్తోందని ఆన్‌లైన్‌లో కొనుక్కొచ్చినవి కొన్ని నేను విప్పి చూశాను. లోపల మెమరీ కార్డు అతికించి ఉంది. అలాంటిది చేతికొస్తే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ప్రోగ్రామ్ నడపండి, అసలు సైజు బయటపడుతుంది.

4.2 క్లోన్ (పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి దింపడం) చేయాలా, విండోస్ కొత్తగా వేయాలా? పాత డిస్క్ గుడ్ చూపిస్తూ, మళ్లీ దొరకని సాఫ్ట్‌వేర్ ఉంటే క్లోన్. డిస్క్ కాషన్‌లో ఉన్నా, విండోస్‌లో వైరస్ గోల ఉన్నా కొత్తగా వేయడమే మేలు. నా ఓటు ఎక్కువగా కొత్తదానికే. పదేళ్ల చెత్తను కొత్త ఇంట్లోకి మోసుకెళ్లడం నాకు నచ్చదు. డీటీపీ షాపులకు మాత్రం క్లోనే చేస్తాను, కారణం పైన చదివారు.

4.3 కొత్తగా వేసే వరుస.

1. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ సిద్ధం చేయండి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి.
2. మిషన్ ఆఫ్ చేసి, పాత హార్డ్‌డిస్క్ కేబుల్ పీకేయండి. ఉంచితే విండోస్ తన బూట్ ఫైళ్లు పాతదానిలో పెట్టే ప్రమాదం ఉంది. తర్వాత పాత డిస్క్ తీసిన రోజు కొత్తది లేవదు.
3. ఎస్‌ఎస్‌డీకి సాటా కేబుల్, పవర్ కేబుల్ పెట్టండి. పాత ఎస్‌ఎమ్‌పీఎస్‌లో సాటా పవర్ లేకపోతే కన్వర్టర్ వాడొచ్చు. కానీ ప్లాస్టిక్ కరిగించి పోసినట్టుండే చవకరకం వద్దు, లోపల వైర్లు ఒకదానికొకటి తగిలి కాలినవి ఉన్నాయి.
4. బయోస్‌లో (విండోస్ లేవకముందు తెరిచే బోర్డు సెట్టింగుల తెర) సాటా మోడ్ ఏహెచ్‌సీఐ అని ఉందో లేదో చూడండి. ఐడీఈ ఉంటే ఇప్పుడే మార్చండి.
5. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, ఇంతకుముందున్న ఎడిషనే వేయండి. హోమ్ ఉంటే హోమ్, ప్రో ఉంటే ప్రో. విండోస్ 10 డిజిటల్ లైసెన్స్ బోర్డుకు ముడిపడి ఉంటుంది కాబట్టి నెట్ తగలగానే తనే యాక్టివేట్ అవుతుంది.
6. అంతా నడిచాక ఆఫ్ చేసి, పాత డిస్క్ ఆరోగ్యంగా ఉంటే తిరిగి పెట్టుకోండి. బయోస్‌లో మొదటి బూట్ ఎస్‌ఎస్‌డీగా ఉంచండి.

ల్యాప్‌టాప్‌లో చోటు ఒకటే ఉంటే డీవీడీ డ్రైవ్ తీసి ఆ చోట క్యాడీ (డిస్క్‌ను పట్టి ఉంచే తొడుగు) పెట్టొచ్చు. క్యాడీలు 9.5, 12.7 మిల్లీమీటర్ల మందంలో వస్తాయి, కొలిచి కొనండి. ఎస్‌ఎస్‌డీని అసలు చోట, పాత హార్డ్‌డిస్క్‌ను క్యాడీలో పెట్టాలి. తలకిందులు చేయకండి.

ఎస్‌ఎస్‌డీని గొంతు దాకా నింపొద్దు. ఐదో వంతు ఖాళీ ఉంచండి. డీఫ్రాగ్ (ముక్కలైన ఫైళ్లను ఒకచోటికి సర్దే) సాఫ్ట్‌వేర్లు దాని మీద నడపొద్దు.

## 5. ర్యామ్

విండోస్ 10కి, క్రోమ్‌కి 8 జీబీ ఉంటే హాయి. 4 జీబీ అంటే గుంజుకుంటూ పోవడం. 16 జీబీ ఫొటోషాప్, కోరల్ రోజంతా తెరిచి ఉంచేవాళ్లకే.

32 బిట్ విండోస్‌లో ఉండి ర్యామ్ కొనకండి. 4 జీబీ పెట్టినా అది వాడుకునేది మూడు, మూడున్నర జీబీయే. ముందు 64 బిట్‌కు మారాలి.

కొనేముందు:

☐ రకం సరిచూడండి. డీడీఆర్2, 3, 4 ఒకదాని స్లాట్‌లో ఒకటి కూర్చోవు, గాడి వేరేచోట ఉంటుంది.
☐ నాలుగో తరం ల్యాప్‌టాప్‌లకు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కావాలి. స్టిక్కర్ మీద పీసీ3ఎల్ అని ఉంటుంది. మామూలు డీడీఆర్3 పెడితే లేవదు.
☐ బోర్డు గరిష్ఠం చూడండి. కోర్ 2 డ్యుయో కాలపు జీ31 బోర్డుకు 4 జీబీ, హెచ్61కు 16 జీబీ.
☐ మరీ చవగ్గా దొరికే 8 జీబీ డీడీఆర్3 మీద ఏఎండీకి మాత్రమే అని ఉందేమో చూడండి. ఇంటెల్ బోర్డులో అది పనిచేయదు.

ఇక్కడ దొరక్క సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లేవాళ్లు పాత ర్యామ్ స్టిక్‌నే కాగితంలో చుట్టి జేబులో వేసుకుని పోండి. నోటితో చెప్పిన నంబర్ తప్పైతే మళ్లీ వంద కిలోమీటర్లు.

ఒకే సైజు, ఒకే స్పీడువి రెండు స్టిక్‌లు పెడితే డ్యుయల్ ఛానెల్ (రెండింటినీ ఒకేసారి వాడుకోవడం) వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు లేని మిషన్లలో దీని తేడా బాగా తెలుస్తుంది. పెట్టేటప్పుడు రెండు చివర్ల క్లిప్పులు వాటంతట అవే మూసుకునేదాకా నొక్కండి. తర్వాత మెమ్‌టెస్ట్86తో ఒక రాత్రి పరీక్ష పెట్టండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్ వెనక్కి ఇచ్చేయండి. "కొంచెం ఎర్రరే కదా" అని వాడితే ఒకరోజు ట్యాలీ డేటా చెడుతుంది.

## 6. విండోస్ సంగతి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇంటి వాడకందారులకు ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ఉన్నాయి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ నుంచి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో చేరాలి.

విండోస్ 11కి టీపీఎమ్ 2.0 (భద్రతా చిప్), యూఈఎఫ్ఐ (కొత్తరకం బయోస్) సెక్యూర్ బూట్, ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే ప్రాసెసర్ అడుగుతారు. ఏడో తరం, అంతకు ముందు మిషన్లు దాదాపు అన్నీ లెక్క తప్పుతాయి. అడ్డదారిలో వేయొచ్చు, వేసేవాళ్లు ఊరూరా ఉన్నారు. కానీ అప్‌డేట్లకు గ్యారంటీ లేదు. ఆధార్ వేలిముద్రలు, బ్యాంకు పనులు నడిచే మిషన్‌కు అలా నేను వేయను. అంతకంటే పాత కోర్ 2 డ్యుయోల్లో అయితే విండోస్ 11 24హెచ్2 వెర్షన్ అడిగే ఇన్‌స్ట్రక్షన్లే ప్రాసెసర్‌లో లేవు, బూటే కాదు.

విండోస్ 7 మీదే ఇంకా నడుపుతున్నవాళ్లకు: అక్కడ క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది. ప్రభుత్వ సైట్లు సగం సగం తెరుచుకుంటున్నాయంటే మీ మిషన్ స్పీడు కంటే ముందు అనుమానించాల్సింది ఇదే.

నెట్ చూడటం, టైపింగ్, పిల్లల వీడియో పాఠాలు మాత్రమే అయితే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకోండి. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసి, నచ్చితేనే డిస్క్‌లో ఎక్కించుకోవచ్చు. జిరాక్స్ సెంటర్లకు మాత్రం సలహా ఇవ్వను. పేజ్‌మేకర్ ఉండదు, వేలిముద్ర మిషన్ల సర్వీసులు చాలావరకు విండోస్‌కే. మన దగ్గర ప్రతి కౌంటర్ మీదా కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్‌ను లినక్స్‌లో నడిపించడం ఒక తిప్పల పని.

## 7. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు

ఎక్కువమందికి అక్కర్లేదు. పెంటియమ్ లేదా ఐ3 ఉన్న హెచ్61, హెచ్81 బోర్డులో అదే సాకెట్ ఐ5 సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే, నాలుగు కోర్లు వస్తాయి కాబట్టి పెట్టుకోవచ్చు. తొలినాటి హెచ్61 బోర్డులకు మూడో తరం ప్రాసెసర్ పెట్టాలంటే ముందు పాత ప్రాసెసర్‌తోనే బయోస్ అప్‌డేట్ చేయాలి. ఆ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవదు, యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు. పనిలో నైపుణ్యం ఉన్నవాళ్లతోనే చేయించండి.

గ్రాఫిక్స్ కార్డు పెడితే బ్రౌజర్, వర్డ్ స్పీడు పెరగవు. రెండో మానిటర్ కోసమో, బోర్డు డిస్‌ప్లే పోర్టు చెడిపోయిందనో అయితే వేరే సంగతి.

## 8. కరెంటు

క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందా? టెస్టర్ పెడితే సన్నగా వెలుగుతోందా? ఎర్తింగ్ లేదని అర్థం. ఎస్‌ఎమ్‌పీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి లీకయ్యే కరెంటు పోవడానికి దారి లేక బాడీ మీదికి వస్తుంది. ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ వేయించండి. మూడు పిన్నుల ప్లగ్‌లో పెద్దది విరిచి రెండు పిన్నుల బోర్డులో గుచ్చే అలవాటు మానండి. ఎర్త్ లేనిచోట కొత్త ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ పెట్టడానికి నాకు మనసొప్పదు.

ఏప్రిల్, మే నెలల్లో గాలివాన లేస్తే పవర్ ప్లగ్‌తో పాటు ఇంటర్నెట్ కేబుల్ కూడా పీకండి. పిడుగు పడ్డ రాత్రి తర్వాత మా దగ్గరికి వచ్చే బోర్డుల్లో చాలావాటికి కాలేది ఇంటర్నెట్ కేబుల్ పెట్టే లాన్ పోర్టే.

బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయేమో ఒకసారి చూడండి. ఉబ్బితే ఆ బోర్డు మీద ఖర్చు ఆపండి.

## 9. మధ్యలో ఇరుక్కుంటే

ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే లేదు, పెద్ద బీప్‌లు. ర్యామ్ తీసి, బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బర్‌తో తుడిచి, ఒక్కొక్క స్టిక్ మాత్రమే పెట్టి చూడండి.

విండోస్ లేస్తూ నీలి తెర, 0x7బీ ఎర్రర్. బయోస్‌లో సాటా మోడ్ మారిపోయింది. మునుపు ఏది ఉందో దానికే తిప్పండి.

కొత్త ఎస్‌ఎస్‌డీ కనిపించడం లేదు. బయోస్‌లో కనిపిస్తే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఇనీషియలైజ్ చేయాలి. బయోస్‌లోనే లేకపోతే కేబుల్, పోర్టు మార్చండి.

రోజూ తేదీ వెనక్కి పోతోంది, సైట్లు సురక్షితం కాదని వస్తోంది. బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చండి. తేదీ తప్పైతే సైట్ల సర్టిఫికెట్లను బ్రౌజర్ నమ్మదు. దీన్ని వైరస్ అనుకుని ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్లున్నారు.

ఎస్‌ఎస్‌డీ వేసినా పాత స్పీడే. బయోస్‌లో బూట్ వరుస చూడండి. ఇంకా పాత హార్డ్‌డిస్క్ నుంచే లేస్తోంది కావచ్చు.

ఉన్నట్టుండి రీస్టార్ట్. ముందు వేడి, తర్వాత ర్యామ్, ఆ తర్వాత ఎస్‌ఎమ్‌పీఎస్. ఈ వరుసలోనే వెతకండి.

## 10. ఎక్కడ ఆపాలి

ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, కూలీ అన్నీ కలిపిన ఖర్చు, సెకండ్ హ్యాండ్‌లో దొరికే ఎనిమిదో తరం ఆఫీసు డెస్క్‌టాప్ ధరలో సగం దాటితే నేను వద్దంటాను. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ధరలు నెలనెలా మారుతుంటాయి కాబట్టి కొనే రోజు రెండు చోట్ల అడిగి లెక్కేసుకోండి. కోర్ 2 డ్యుయో, డీడీఆర్2 మిషన్లకు చిన్న ఎస్‌ఎస్‌డీ తప్ప ఇంకేమీ పెట్టొద్దు. ఆ ఎస్‌ఎస్‌డీనైనా రేపు ఇంకో మిషన్‌కు మార్చుకోవచ్చని పెట్టేదే.

ఇక తీసిన పాత హార్డ్‌డిస్క్. నెల రోజులు ఏమీ చెరపకుండా, పేరు, తేదీ రాసి బీరువాలో పెట్టండి. ఏదో ఒక ఫైలు మర్చిపోయామని మూడో వారంలో గుర్తొస్తుంది. నెల గడిచాక దాన్ని ఇంకో మిషన్‌కు తగిలించి, క్విక్ అనే టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ కొట్టండి. జిరాక్స్ సెంటర్ డిస్క్‌లో ఊరందరి ఆధార్ కార్డులు, పాస్‌బుక్కుల స్కాన్లు ఉంటాయి. పాత సామాన్ల వాడికి కిలో లెక్కన వేసే ముందు ఆ పని అయిందో లేదో చూసుకోండి. డిస్క్ చెడిపోయి ఫార్మాట్ కాకపోతే, మేకు పెట్టి సుత్తితో లోపలి పళ్లెం దాకా రెండు దెబ్బలు వేసి ఇవ్వండి.